కుక్కరుకూ సమాన హక్కు

భయపడడానికి నూకరత్నానికి పెద్ద కారణాలేవీ అక్కర్లేదు. సముద్రం ప్రశాంతంగా కనబడితే, మనసులో ఏదో పెట్టుకునే అలా ఉందని భయం. భర్త అప్పలస్వామి ఐసు ఫ్యాక్టరీ నుంచి వేళకి ఇంటికొస్తే, ఉద్యోగం గానీ ఊడిందేమోనని భయం. అలాంటి మనిషి కడుపున గిటారు వాయించే కూతురు పుట్టింది. మామూలు గిటారు కూడా కాదు, కరెంటు గిటారు.

కూతురు ప్రసూన డిగ్రీ ఆఖరి ఏడాది. డ్రమ్ములు వాయించే ఇమ్మానుయేలు, లావు తీగల గిటారు వాయించే తాతాజీ, పాడుతూ వాయించే ప్రసూన, ముగ్గురూ కలిసి ‘ఉప్పుగాలి’ అని ఒక రాక్ బ్యాండ్ పెట్టుకున్నారు. దాని ఆఫీసు, స్టూడియో, గోడౌను అన్నీ నూకరత్నం వాళ్ళ పడగ్గదే. గోడలకి బొంతలు వేలాడదీశారు. బీరువా తలుపులు బార్లా తెరిచి, బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయన్నారు. శబ్దాన్ని పీల్చుకున్న చీరలు కట్టుకుంటే ఒంటికేమైనా అవుతుందేమోనని నూకరత్నం చాలారోజులు పాత చీరలతోనే గడిపింది.

రేవుపాలెంలో ఏటా జరిగే తీర సంబరాలకి కొత్త బ్యాండ్లని పిలుస్తున్నారని తెలిసిన రోజున అప్పలస్వామి అన్నం కలుపుతూ తీర్పు చెప్పేశాడు.

"చూడమ్మా, ఆ సంబరాల్లో నలుగురి మధ్యా నిలబడి నీ పాట వింటాను. బాగుందనిపిస్తే ఇహ నీ జోలికి రాను. లేదంటావా, ఆ గిటారు ఎవరికైనా ఇచ్చేసి హాస్టల్లో చేరి బ్యాంకు కోచింగు తీసుకోవాలి. సరేనా?"

"సరే నాన్నా" అంది ప్రసూన, ఆలోచించకుండానే.

ఆలోచించడం నూకరత్నం వంతయింది. స్టేజీ ఎక్కితే స్టేజీ కూలుతుంది. ఎక్కకపోతే హాస్టలు, హాస్టల్లో పురుగులన్నం. ఎటు మొక్కుకోవాలో తెలియక, ఏది జరిగినా ఏమీ జరక్కుండా చూడమని అమ్మవారికి మొక్కుకుంది.

సంబరాలకి ముందుగా డెమో పంపాలి. డెమో అంటే ఇంట్లో రికార్డు చేసిన నమూనా పాట. ఒక ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ గదిలో తలుపేసుకుని వాయించారు. తర్వాత తాతాజీ లాప్‌టాప్ ముందు కూర్చుని మిక్సింగ్ మొదలెట్టాడు. తెర మీద ఒక్కో శబ్దానికి ఒక్కో మీట. దాన్ని పైకి జరిపితే ఆ శబ్దం పెరుగుతుంది, కిందికి జరిపితే తగ్గుతుంది.

"ఇది పేల్తుందేంట్రా?" అంది టీ ఇవ్వడానికొచ్చిన నూకరత్నం.

"పేలదు పిన్నీ. మిక్సింగంటే మీరు పులుసు పెట్టడం లాంటిదే. ఉప్పూ, పులుపూ, కారం, బెల్లం అన్నీ పడాలి. అలాగని అన్నీ గరిటెడు గరిటెడు వేస్తే పులుసవదు కదా? ఇక్కడ ప్రసూన గొంతు చేపముక్క. మిగతావన్నీ దానికోసమే. చిన్న గది కదా, ఇమ్మానుగాడి డ్రమ్ములు దాని నెత్తికెక్కేశాయి. ఇంకా సరిచెయ్యాలి."

"నేను నెమ్మదిగానే కొట్టానండాయ్" అన్నాడు ఇమ్మానుయేలు, మంచం పట్టె మీద వేళ్ళతో కొడుతూనే.

సరిచెయ్యడానికి తీరిక చిక్కలేదు. గడువు ఆరోజే. ఉన్నదున్నట్టు పంపేశారు.

పంపింది ఎక్కడికంటే, సంబరాలకి పాటలు ఎంచే శబ్ద సమన్యాయ సంఘానికి. కిందటేడు సంబరాల్లో ఒక పెద్దమనిషి ప్రసంగం మధ్యలో ఎవరో డప్పు మీద దెబ్బ వేశారు. ఆ దెబ్బకి ఆయన ప్రసంగం వినబడలేదు. వినబడనందుకు జనం సంతోషించారని ఆయనకి అనుమానం వచ్చింది. దాంతో సంఘం పుట్టింది, ఒకే ఒక్క నిబంధనతో: వేదికపై ఏ శబ్దమూ మరియొక శబ్దమును అణచరాదు. న్యాయం వద్దనే ధైర్యం ఎవరికీ లేక అందరూ చప్పట్లు కొట్టారు. అన్ని చప్పట్లూ ఒకే స్థాయిలో ఉన్నాయా లేదా అన్న పరిశీలన ఇంకా నడుస్తోంది.

వారం తిరక్కుండా పిలుపు వచ్చింది. పిల్లల్ని అరెస్టు చేస్తారేమోనని నూకరత్నం కూడా వెంట వెళ్ళింది, ఒక దుప్పటీ, టిఫిను క్యారియరూ పట్టుకుని.

సంఘం ఆఫీసులో అందరూ ఒకే గొంతుతో మాట్లాడతారు. గొంతు పెంచితే బల్ల మీద యంత్రంలో ఎర్రదీపం వెలుగుతుంది, తగ్గిస్తే పచ్చదీపం. కాబట్టి అధ్యక్షుడు బలభద్రం గారు అటెండరుని టీ తెమ్మన్నప్పుడూ, టీలో ఈగ పడిందన్నప్పుడూ గొంతులో తేడా లేదు.

"మీ పాట పరిశీలించబడినది" అన్నాడాయన. "ఇందులో గాయని స్వరము డ్రమ్ముల చేత అణచివేయబడుచున్నది. బాధితురాలెవరు?"

"నేనేనండి" అంది ప్రసూన.

"నిందితుడు?"

ఇమ్మానుయేలు చెయ్యెత్తాడు. "నేనేనండాయ్."

"ఎంతకాలంగా అణచుచున్నావు?"

"ఇంటర్ ఫస్టియర్ నుంచండి."

నూకరత్నం గబగబా ముందుకొచ్చింది. "బాబ్బాబు, పిల్లాడు మంచోడండి. ఆదివారం చర్చిలో కూడా ఇలాగే కొడతాడండి."

ఎర్రదీపం వెలిగింది. పక్కనే కూర్చున్న కొలతల అధికారిణి హైమావతి గారు నూకరత్నం వంక చూసి, స్కేలుతో దీపాన్ని చూపించింది. నూకరత్నం దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుంది.

"శిక్ష మా ఉద్దేశము కాదు. సంస్కరణయే మా ధ్యేయము" అన్నాడు బలభద్రం. "గాయని స్వరమును డ్రమ్ములతో సమానము చేసి మరల సమర్పించుడు."

బయటికొచ్చాక తాతాజీ ఎగిరి గంతేశాడు. "మనం ఎలాగూ చెయ్యాలనుకున్నదే కదా! పద."

ఇంటికెళ్ళి ప్రసూన గొంతు మీటని పైకి జరిపారు. ఇక్కడే వచ్చింది తంటా. ఆరోజు ప్రసూన పాడిన మైకు వంటింటి తలుపు వైపు తిరిగి ఉంది. గొంతు పెంచేసరికి, ఆ గొంతు వెనకాల దాక్కున్నవన్నీ కూడా పెరిగి బయటపడ్డాయి. కుక్కరు కూతలు, పాత ఫ్యాను కిర్రుకిర్రుమనడం, వీధిలో పోతున్న ఉల్లిపాయల ఆటో మైకు. వీటన్నిటి మధ్యలో పాట రెండో చరణంలో నూకరత్నం కేక: "చెప్పులేసుకుని ముట్టుకోవే ఆ వైరు! షాకు కొట్టి చస్తావే!"

"పర్లేదులే, సన్నగానే ఉన్నాయి. పాసయ్యాక తీరిగ్గా తీసేద్దాం" అనుకుని పంపేశారు. ఆ ముగ్గురూ జీవితంలో చేసిన పెద్ద పొరపాటు అదే.

ఈసారి పిలుపు వచ్చినప్పుడు ఆఫీసులో అదనంగా నాలుగు ఖాళీ కుర్చీలు వేసి ఉన్నాయి. బలభద్రం ముఖం బాధతో నిండి ఉంది, గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"ఈ పాటలో మరి నలుగురు కళాకారులు అజ్ఞాతముగా అణగారియున్నట్లు హైమావతి గారు కనుగొనిరి. ఒక కుక్కరు. ఒక పంకా. ఒక ఉల్లిపాయల విక్రేత. ఒక తల్లి. వీరి స్వరము గాయని స్వరములో పదోవంతైనను లేదు. ఇది దారుణము."

"అవి పొరపాట్న పడ్డాయండి. తీసేస్తాం" అంది ప్రసూన.

"తీసివేయుదురా!" బలభద్రం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "బలహీనులు కనబడగానే తీసివేయుదమనుట! అమ్మాయీ, తొలగించవలెనన్న ఆ కళాకారుని అంగీకారము కావలెను. కుక్కరు అంగీకరించినదా?"

"కుక్కరు ఎలా అంగీకరిస్తుందండీ?" అన్నాడు తాతాజీ.

"అదే మేము అనునది. నోరులేనివారి పక్షమున నిలుచుటకే ఈ సంఘము."

నూకరత్నం చేతులు జోడించింది. "కుక్కరు సంగతి నాకు తెలీదు బాబూ. నాకు నోరుంది. నన్ను తీసెయ్యండి. నాకు ఇష్టమే."

బలభద్రం ఆవిడని జాలిగా చూశాడు. "మీరు భయముతో చెప్పుచున్నారు. భయముతో ఇచ్చిన అంగీకారము చెల్లదు."

"నేను ఏం చెప్పినా భయంతోనే చెబుతానండి."

"అట్లయిన మీ అంగీకారము ఎన్నటికీ చెల్లదు" అని ఆయన తేల్చేశాడు. హైమావతి గారు రాసుకుంది. "ఆ నలుగురినీ విడివిడిగా, మైకు ముందు గౌరవముగా నిలబెట్టి, మరల రికార్డు చేయుడు. డెమోలో ఉన్నవారందరూ వేదికపైనను ఉండవలెను. అందరి మీటలు ఒకే గీత మీద ఉండవలెను."

ఆ వచ్చే ఆదివారం పడగ్గదిలో పొయ్యి పెట్టి, కుక్కరుకి ఒక మైకు కేటాయించారు. కుక్కరు మనం కూయమన్నప్పుడు కూయదు, దాని ఇష్టం దానిది. అది కూసేదాకా ముగ్గురూ పల్లవే తిప్పి తిప్పి వాయించారు. ఉల్లిపాయల సూరిబాబుకి కబురు పెడితే ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. "పాటలో నన్ను కలిపారంటగా అమ్మాయిగారూ! మా ఆవిడ నమ్మలేదండి" అంటూ ఆటో గుమ్మంలో పెట్టి, గొంతు సవరించుకుని, "ఎర్రుల్లిపాయలమ్మా..." అని రాగం తీశాడు. నిజానికి అతనికే అందరికన్నా శ్రుతి బాగా కుదిరింది.

చిక్కంతా నూకరత్నంతోనే. మైకు ముందు నిలబెట్టి కేక వెయ్యమంటే ఆవిడ మర్యాదగా "చెప్పులేసుకోవాలండి" అంది, ఎవరికో విన్నవించుకుంటున్నట్టు.

"అలా కాదమ్మా, అసలైన భయం రావాలి" అని ప్రసూన చెప్పులు విడిచి వైరు వైపు చెయ్యి చాపింది.

అప్పుడు వచ్చిన కేకకి పక్క వాటాలో కుక్క మొరిగింది. తాతాజీ చెవులకున్న హెడ్‌ఫోన్లు పీకి పారేశాడు. అంతవరకూ రికార్డయిన వాటిల్లో అదే పెద్ద శబ్దం. న్యాయం ప్రకారం ఇప్పుడు మిగతావన్నీ ఆ కేకంత పెరగాలి. పెంచారు.

అన్ని మీటలూ ఒకే గీత మీదికి వచ్చాక పాట పెట్టుకుని విన్నారు. బస్టాండులో పెళ్ళి ఊరేగింపు ఇరుక్కుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. పులుసులో అన్నీ గరిటెడు గరిటెడు పడ్డాయి. చేపముక్క ఎక్కడుందో తెలియలేదు.

సంఘం మాత్రం పరవశించిపోయింది. "ఇంత న్యాయమైన పాట ఈ జిల్లాలో ఇంతవరకు రాలేదు" అని బలభద్రం స్వయంగా ఫోను చేశాడు. సంబరాల్లో మొదటి పాటే వీళ్ళది.

ఆ సాయంత్రం ప్రసూన మంచం మీద కూర్చుని గిటారు తీగలు ఒక్కొక్కటే వదులు చేస్తోంది.

"అదేంటే, ఎంపికైతే ఏడుపు మొహం పెట్టావు?" అంది నూకరత్నం. "తలనొప్పా? కళ్ళు మసకలు గానీ కమ్ముతున్నాయా?"

"అమ్మా, నువ్వు నా పాట విన్నావా ఎప్పుడైనా?"

"రోజూ చెవులు చిల్లులు పడేలా వింటున్నాను కదే."

"అయితే అందులో ఒక్క మాట చెప్పు."

నూకరత్నానికి ఒక్క మాటా తెలియదు. ఇన్నాళ్ళూ తలుపు ఇవతల నిలబడి ఆవిడ విన్నది షాకు కొట్టిన చప్పుడేమైనా వస్తుందేమోనని. స్పీకరు పేలుతుందేమోనని, పొగ వాసనేమైనా వస్తుందేమోనని ఆనవాళ్ళ కోసం విన్నది. పాట కోసం వినలేదు.

"పోన్లే" అంది ప్రసూన. "ఎవరికీ వినబడదు. నాన్న అక్కడ నిలబడి కుక్కరు వింటాడు. నేను హాస్టలుకి పోతాను. తాతాజీగాడిని ఏమీ అనకండి, వాడు చాలా కష్టపడ్డాడు."

నూకరత్నానికి ఆ హాస్టలు అన్నం గురించి భయపడాలని కూడా తోచలేదు.

సంబరాల రోజు పొద్దు వాలుతుండగా ఇసకలో జనం నిండారు. స్టేజీ మీద డ్రమ్ములు, గిటార్లు, వాటి పక్కనే పొయ్యి మీద కుక్కరు. కుక్కరుకి కాపలాగా ఒక ఫైరింజను. స్తంభానికి వేలాడగట్టిన ఇంటి ఫ్యాను. చెక్కపలక మీదుగా ఎక్కించిన ఉల్లిపాయల ఆటో. ఒక చివర మైకు ముందు, చెప్పులేసుకుని నూకరత్నం. ఆవిడకి చేతికందే దూరంలోనే మీటల బల్ల. ఒక్కో మీట కింద తెల్ల కాగితం ముక్క అంటించి పేర్లు రాశారు: డ్రమ్ములు, గిటార్లు, కుక్కరు, పంకా, ఉల్లిపాయలు, గాయని, తల్లి. హైమావతి గారు వాటి మీద స్కేలు ఆనించి పట్టుకుని నిలబడింది, ఏదీ గీత దాటకుండా.

పాట మొదలైంది. మొదలైందని ఇమ్మానుయేలు చేతులు చూస్తే తెలిసింది. కుక్కరు కూసింది, ఫ్యాను కిర్రుమంది, ఉల్లిపాయలు అరిచాయి. నూకరత్నం నోరు తెరవకపోయినా ఆవిడ ఆయాసం, ఆవిడ గుండె దడ, "అమ్మా తల్లీ కాపాడు" అన్న గొణుగుడూ ఆ మైకులోంచి డ్రమ్ములంత అయి ఒడ్డంతా పాకాయి. ముందు వరసలో బలభద్రం కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు.

"ఆహా! ఒక్కరును వినబడుట లేదు. ఇదియే సంపూర్ణ సమన్యాయము!"

నూకరత్నం కూతురి వైపు చూసింది. ప్రసూన పెదాలు కదులుతున్నాయి. మెడ నరాలు పొంగుతున్నాయి. పిల్ల ఏదో చెబుతోంది, ఒళ్ళంతా గొంతు చేసుకుని చెబుతోంది. జనంలో అప్పలస్వామి చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకి వంగాడు. కాసేపు చూశాడు. తర్వాత చెయ్యి దించేసి, ఇసక వంక చూస్తూ నిలబడిపోయాడు.

నూకరత్నానికి అన్ని భయాలూ ఒక్కసారే వచ్చాయి. జైలు, షాకు, భర్త ఉద్యోగం, పేపర్లో ఫొటో. అన్నీ ఒకేసారి రావడంతో దేనికి ముందు భయపడాలో తేలక, ఆ సందులో ఆవిడ బల్ల దగ్గరికి అడుగేసి, ‘తల్లి’ అని ఉన్న మీటని పట్టుకుని కిందికి లాగేసింది.

"అమ్మా! ఏమిటది? గీత తప్పింది!" హైమావతి గారు స్కేలు ఎత్తింది.

"నాదేనమ్మా. వేరే ఎవరి జోలికీ పోలేదు. నాది నేను దించుకున్నాను."

హైమావతి గారు అధ్యక్షుడి వైపు చూసింది. బలభద్రం కళ్ళు తెరిచి నిబంధన గుర్తు చేసుకున్నాడు. ఒక శబ్దం మరో శబ్దాన్ని అణచకూడదని ఉంది. తనని తాను తగ్గించుకోకూడదని లేదు. ఆయన ఆలోచనలో పడ్డాడు.

ఆయన ఆలోచిస్తుండగానే సూరిబాబు ఇదంతా చూశాడు. "అక్కే దించేసుకుంటే మధ్యలో నా ఉల్లిపాయలెందుకండీ" అని ఆటో మైకు కట్టేశాడు. తాతాజీ వాయిస్తూనే కాలితో ఫ్యాను ప్లగ్గు పీకాడు. ఫైరింజను మనిషి తనకి ఎవరూ ఏ ఆజ్ఞా ఇవ్వలేదని అటూ ఇటూ చూసి, పొయ్యి ఆర్పేశాడు. ఇమ్మానుయేలు కర్రలు పక్కన పెట్టి, చర్చిలో చిన్నపిల్లల పాటకి వాయించినట్టు వేళ్ళతో అందుకున్నాడు.

అప్పుడు వినబడింది.

*"అలలొచ్చి అడిగాయి మా వీధి పేరేదని,*
*మునిగేది మీరైనా చిరునామా మాదని..."*

కిందటి తుఫానుకి కొట్టుకుపోయిన వీధి గురించి. అప్పలస్వామి పుట్టిన వీధి అది. నూకరత్నం కాపరానికొచ్చిన వీధి. దాని మీద పిల్ల పాట కట్టిందని ఆ ఇద్దరికీ అప్పుడే తెలిసింది. అప్పలస్వామి చెవి దగ్గరికి చెయ్యి మళ్ళీ లేచింది గానీ, అవసరం లేకపోయింది. దాన్ని అలాగే కళ్ళ మీదికి తెచ్చుకున్నాడు. నూకరత్నం మాత్రం మీటని గట్టిగా కిందికి నొక్కి పట్టుకునే ఉంది, వదిలితే ఎక్కడ తన్నుకుని పైకి వస్తుందోనని.

ఇంటికి నడిచొస్తుంటే అప్పలస్వామి ఒకే మాట అన్నాడు. "ఆ కోచింగు వాళ్ళకి రావట్లేదని చెప్పెయ్యవే."

సంఘం ఈ వ్యవహారం మీద రెండు నెలలు విచారణ జరిపింది. అణగినవారు ఉన్నారు గానీ అణచినవారు దొరకలేదు. జనం చప్పట్లు కొట్టిన మాట కూడా నిజం. చివరికి బలభద్రం దీన్ని సంఘం సాధించిన విజయంగా గుర్తించాడు. నూకరత్నానికి శాలువా కప్పారు. వచ్చే ఏడాదికి నిబంధన సవరించారు: ప్రతి బృందము మౌనము వహించుటకై ఒక తల్లిని విధిగా వెంట తీసుకొనిరావలెను. సదరు తల్లి మౌనమును ముందుగా ఇంటివద్ద రికార్డు చేసి, డెమోతో జతపరచవలెను. మౌనము స్పష్టముగా వినబడవలెను.

ఆ సవరణ వచ్చినప్పటినుంచీ రేవుపాలెంలో గిటారు పట్టిన ప్రతి పిల్ల తల్లీ నూకరత్నం వాకిట్లో కూర్చుంటోంది. పడగ్గదిలో బొంతల మధ్య ఒక్కొక్కరినీ నిలబెట్టి మైకు పెడితే, ఒక్కరి మౌనమూ సంఘం దగ్గర పాసవడం లేదు.

"అసలు ఏం చెయ్యాలి వదినా?" అని ఒకావిడ ఏడుపుగొంతుతో అడిగింది.

"ఏముందమ్మా. నోరు మూసుకుని, పిల్ల ఏమంటోందో వినాలి."

"అంతేనా?"

"అంతే. ఒక్క పాటంత సేపు నా వల్లయింది. అంతకు మించి ఎవరి వల్లా కాదులే" అంది నూకరత్నం. అని, పక్క ఊళ్ళో పాడడానికి వెళ్ళిన ప్రసూనకి మళ్ళీ ఫోను కలిపింది.